ఉక్కు రేకు మీద ఇరవై నాలుగు మాటలు

మా ఆయన హార్లన్ ఎవర్నీ నమ్మడు. ముప్పయ్యేళ్లు కాగితం మిల్లులో వెల్డింగ్ చేసి దాచుకున్న రిటైర్మెంట్ సొమ్మంతా బిట్‌కాయిన్‌లో ఉంది. ఆ ఖాతా చూసే పాత కంపెనీ ఫీజులు పెంచితే కొత్త కంపెనీకి మారుద్దామనుకున్నాం. ఒక్క సంతకం పెడితే ఆ రెండు కంపెనీలే చూసుకునేవి.

"వాళ్ల చేతిలోంచి వాళ్ల చేతికా? మధ్యలో ఒక్కరోజన్నా నా చేతికి రావాలి," అన్నాడు.

"వస్తే ఏం చేస్తావు, ముద్దు పెట్టుకుంటావా?" అన్నాను.

జనవరి చివర్లో సొమ్ము మొత్తం బొటనవేలంత పరికరంలోకి దించుకున్నాడు. అరవై రోజుల్లో కొత్త ఖాతాలో వెయ్యకపోతే పన్నూ జరిమానా తప్పవు. పరికరం పాడైతే సొమ్ము తిరిగి రాబట్టుకోడానికి ఇరవై నాలుగు మాటలుంటాయి. లోకమంతా వాటిని కాగితం మీద రాసుకుంటుంది. ఈయన ఉక్కు రేకు మీద సుత్తితో కొట్టి, నాక్కూడా చెప్పకుండా దాచాడు. తర్వాత హాయిగా గడ్డకట్టిన సరస్సుకెళ్లి, మంచు మీది తన చేపల గుడిసెలో గాలం వేసుకుని కూర్చున్నాడు. కొత్త ఖాతా సంగతి ఎత్తితే రేపంటాడు.

ముప్పై ఎనిమిదో రోజున పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది.

పరికరం తెరిచే నంబరు నాకు తెలీదు. మా పెళ్లిరోజు కొట్టాను, ఆయన పుట్టినరోజు కొట్టాను, నాది కొట్టాను. మూడో తప్పుకి అది ఉన్నదంతా చెరిపేసుకుంది. ఇక ఆ రేకే దిక్కు. గరాజు తిరగేశాను, ఫ్రీజర్లో జింక మాంసం కింద కూడా వెతికాను.

ఈలోగా మార్చి సగమైంది. మంచు కరిగేలోగా గుడిసెలన్నీ సరస్సు మీంచి తీసెయ్యాలి, లేకపోతే ఫైను. పక్కింటి అర్విడ్ ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

"మీ గుడిసె కింద ఇనప చట్రం మంచులో బిగుసుకుపోయింది లోర్నా. ట్రక్కు కట్టి లాగినా రావట్లేదు. కోసెయ్యనా?"

"కోసెయ్. ఆయనకింక చేపలెక్కడివి?"

చెక్క తగలేసి, ఇనుము పాత సామాన్ల యార్డుకి వేసి, అరవై రెండు డాలర్లు తెచ్చిచ్చాడు. "మీ ఆయన వెల్డింగు మొండిది. నా బ్లేళ్లు మూడు మింగింది," అని నవ్వించబోయాడు.

యాభై ఏడో రోజున హార్లన్ ఎడమచేత్తో పెన్సిల్ పట్టాడు. ఒక పెట్టె గీశాడు. లోపల బల్ల, నేలలో గాలం కన్నం. నేల కింద చట్రానికి అంటించినట్టు చిన్న రేకు గీసి, ముల్లు విరిగేదాకా దాని మీదే దిద్దాడు. నావైపు చూశాడు.

వరండాలోకొచ్చి యార్డుకి ఫోన్ చేశాను.

"ఆ ఇనుమా మేడం? పోయిన వారమే నలిపి రైలెక్కించేశాం."

గోడకి ఆనుకుని ఏడ్చాను. నా నోటితో నేనే కోసెయ్యమన్నాను. ముప్పయ్యేళ్ల కష్టం, మా ముసలితనం, అంతా ఆ మాటతో పోయింది. మొహం కడుక్కుని లోపలికెళ్లాను.

"ఆ రేకు ముందే దొరికింది హార్లన్. నిన్ననే సొమ్ము పంపించేశాను. కొత్త ఖాతాలో పడింది."

సగం మూతితో నవ్వాడు. నా చెయ్యి తట్టాడు. విరిగిన పెన్సిల్ మళ్లీ తీసుకుని, వంకర టింకరగా, చాలాసేపు పట్టి ఒక్క మాట రాశాడు.

చూపించు.