సూదిమొనంత

ఇంజన్ ఆన్ చేసి మేస్త్రి కారు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నూనె ఒత్తిడితో పైకి లేచే బండి అది. మూడు మూలలూ దర్జాగా లేచాయి. వెనక ఎడమ మూల మాత్రం అలిగిన పిల్లాడిలా ఆలస్యంగా లేచి, మళ్లీ మెల్లగా కుంగిపోయింది.

తొందరమనిషైతే పంపు మార్చెయ్యమనేవాడు. మేస్త్రి చెవొగ్గి విన్నాడు. పంపు చప్పుడు సాఫీగానే ఉంది. కుంగిన మూలను రెండు చేతులతో అదిమాడు. మెత్తగా దిగి పైకొచ్చింది. చక్రం దగ్గర కుదుపుల్ని మింగే గ్యాసు గుండు చెడితే అలా దిగదు, రాయిలా బిగుసుకుంటుంది. డబ్బాలో నూనె మాత్రం తగ్గింది. అంటే ఆ మూలకు నూనె మోసే సన్నగొట్టానికి ఎక్కడో చిల్లు పడింది.

ఇక ఆ చిల్లు చూడాలి. చూడటమే ఇప్పుడతనికి గండం. కంటి నరం ఎండిపోతోందనీ, అద్దాలకు లొంగదనీ కంటి డాక్టరు చెప్పాడు. ఆ సంగతి అతని భార్యకూ ఆమె తమ్ముడికీ తప్ప ఎవరికీ తెలియదు. షెడ్డు యజమాని చెవిన పడితే రేపటినుంచి టైర్లకు గాలి కొట్టుకోవాల్సిందే.

“బావా, అట్ట పట్టు. చెయ్యి పెట్టకు,” అన్నాడు బావమరిది, పక్కబండికి రంగు కొడుతూ.

“తాతకు దగ్గులు నేర్పకురా.”

అట్టముక్కను గొట్టం వెంబడి జరుపుకుంటూ పోతే చిల్లున్నచోట నూనె గీత పడుతుంది. కంటికి ఆనని ఆ ధార చర్మాన్ని కూడా చీల్చుకుని పోగలదు, అందుకే ఆ పద్ధతి. మేస్త్రి అట్ట పట్టాడు. గీత పడిందో లేదో తెలియలేదు. అద్దాల గదిలోంచి యజమాని ఇటే చూస్తున్నాడు. అట్టను ముక్కుకు ఆనించుకుని వెతికితే గుట్టు రట్టవుతుంది. దాన్ని పక్కన పడేసి, పనిచొక్కా కుడిచెయ్యి మోచేతి పైదాకా మడిచి, చూపుడువేలితో గొట్టాన్ని తడుముతూ పోయాడు.

చురుక్కుమంది.

“దొరికిందిరా!” అన్నాడు. ఎంత సంతోషమో ఆ గొంతులో.

గొట్టం మార్చాక బండి నాలుగు మూలలా సమంగా లేచింది. “నీ కంటికి తిరుగులేదు మేస్త్రీ,” అన్నాడు యజమాని. వేలిమీద సూదిమొనంత చుక్క. రక్తం కూడా రాలేదు. మధ్యాహ్నానికి వేలు మొద్దుబారింది. సాయంత్రానికి తెల్లగా ఉబ్బింది.

“ఆసుపత్రికి పోదాం బావా. నూనె లోపలికి పోయిందని చెబుదాం.”

“చెయ్యెందుకు పెట్టావంటారు. కళ్ల సంగతి ఊరంతా చాటమంటావా? మీ అక్కతో కూడా అనకు.”

ఇంటికెళ్తే భార్య ముందు వేలే చూసింది.

“ముల్లు గుచ్చుకుంది,” అన్నాడు.

“షెడ్డులో ముల్లెక్కడిదయ్యా? ఇనపచెట్టుకి కాసిందా?”

చెయ్యి పట్టుకుని ఆమే వీధి చివర డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడా ముల్లే అన్నాడు. డాక్టరు ముల్లుకు ఇచ్చే మాత్రలే ఇచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ బావమరిది అంతా విని తల దించుకున్నాడు.

తెల్లారేసరికి మోచేతిదాకా నల్లబడింది. పెద్దాసుపత్రి వరండాలో బావమరిది ఇక ఆగలేక భోరుమన్నాడు. “ముల్లు కాదక్కా, నూనె. చెప్పొద్దన్నాడు.” ఆమె లోపలికి పరుగెత్తి చెప్పింది. చెయ్యి తీసేసినా లాభం లేదన్నారు డాక్టర్లు, విషం అప్పటికే ఒళ్లంతా పాకింది. ఆ వారం దాటకుండా, ఆసుపత్రి మంచం మీద మధ్యాహ్నపు కునుకులోనే మేస్త్రి పోయాడు.

షెడ్డులో గోడమేకుకు అతని పనిచొక్కా ఇంకా వేలాడుతోంది, కుడిచెయ్యి మోచేతి పైదాకా మడిచి.