డోరు మీద పేరు

దేశంకాని దేశమొచ్చి ఈ సేవాసంస్థలో మెకానిక్‌గా చేరాను. రోగుల్ని ఆసుపత్రికి చేర్చే వ్యాన్లు నడిచేలా చూడటం నా పని. షెడ్డులో ఒకే రకం వ్యాన్లు రెండుండేవి. ఒకటి నడిచేది. రెండోది క్లచ్ ప్లేటు అరిగిపోయి మూలపడింది. కొత్త ప్లేటు తెప్పించమని మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ప్లేటు రాలేదు. ఎవరో దాత ఇచ్చిన అదే రకం పాత వ్యాను ఇంకోటి లారీ మీద వచ్చి దిగింది. దాని ప్లేటూ అరిగిందే!

"ఆ దాత రేపు వస్తున్నాడు. ఆయన బండి నడుస్తూ కనిపించాలి," అన్నాడు మేనేజరు.

నాకు ఒళ్ళు మండింది. "మీరు తోస్తారా, నన్ను తొయ్యమంటారా?"

"డోరు మీద ఆయన పేరుంది కదా! ఆ డోరు ఊడదీసి నడిచే బండికి బిగించు."

ఫోన్లో చెబితే మా ఆవిడ పకపకా నవ్వింది. "మెకానిక్ సంబంధమని చేశాడు మా నాన్న. తీరా చూస్తే వడ్రంగి!"

మర్నాడు దాత వచ్చాడు. తన పేరు మీద చెయ్యేసి ఫొటో దిగాడు, బండెక్కి ఓ చుట్టు తిరిగొచ్చాడు.

"బ్రహ్మాండం! ఇంకేం కావాలయ్యా నీకు?" అన్నాడు నాతో.

మేనేజరు కళ్ళురుముతున్నా ఆగలేకపోయాను. "రెండు క్లచ్ ప్లేట్లు ఇప్పించండి. బళ్ళన్నీ నడుస్తాయి."

"అవి లోపలెక్కడో ఉంటాయి. వాటి మీద నా పేరు ఎవరికి కనపడుతుంది? ఇంకో బండి పంపిస్తాలే!"

మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆయన వెళ్ళాక నేను ఆ డోరు విప్పి దాని బండికే బిగించి, నాలుగో బండికి షెడ్డులో చోటు చేశాను.