సంపెంగ కొమ్మకు కట్టిన పాత చీర

నేను ఒక చీర పేలికను. మీ ఇళ్ళలో నాలాంటివి వేడి గిన్నెలు దించుతూనో, సైకిలు తుడుస్తూనో ఉంటాయి. ఎవరూ మా వంక చూడరు. అయినా నేను చూసినదాన్ని బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలు చూసి ఉండవు.

గోదావరి ఒడ్డున ఒక మగ్గం మీద పుట్టాను. పసుపు ఒళ్ళు, ఎర్ర అంచు. కాలవగట్టు మీద కాపురముండే జగ్గమ్మ నన్ను కట్టుకున్న మొదటిరోజే పెరట్లో సంపెంగ మొక్క నాటింది. కుచ్చిళ్ళకు మట్టి అంటిందని మొగుడు విసుక్కుంటే, "ఉతికితే పోద్ది. మొక్క మటుకు ఉంటది" అంది.

తర్వాత ఆమె మనవలకు ఉయ్యాలనయ్యాను. చిరుగులు పడ్డాక బొంతలోకి వెళ్ళాను. జగ్గమ్మ పోయింది. మనుషులు ఆమెను సాగనంపేశారు గాని, బొంతను పారెయ్యడానికి మాత్రం వాళ్ళకు చేతులు రాలేదు.

సంపెంగ ఇంటికప్పును దాటాక కబురొచ్చింది. గట్టు వెడల్పు చేస్తారట, ఇళ్ళు ఖాళీ చెయ్యాలట, చెట్టు కొట్టేస్తారట. ఒకే గోడకు అటూ ఇటూ బతికిన జగ్గమ్మ కోడళ్ళిద్దరికీ చెరో ఊళ్ళో స్థలాలిచ్చారు.

"చెట్టునెలా తీసుకెళ్తామక్కా?" అంది చిన్నకోడలు చెల్లాయమ్మ.

"చెట్టు రాదు. దాని పిల్లల్ని తీసుకెళ్దాం. నీకోటి, నాకోటి," అంది పెద్దకోడలు వీరాయమ్మ.

ఆమె రెండు కొమ్మలకు చుట్టూ, చేతి గాజు తీసినట్టు బెరడు ఒలిచింది. లోపలి కర్ర నీళ్ళు పైకి మోస్తూనే ఉంటుంది. ఆకులు వండిన తిండి మాత్రం కిందికి దిగే దారిలేక ఆ గాయం దగ్గరే ఆగిపోతుంది. ఆగినచోటే వేరు పుడుతుందట. ఎర్రమట్టి, పేడ, కొబ్బరిపీచు ముద్దచేసి గాయాలకు పెట్టి, బొంత విప్పి, నన్ను రెండు పీలికలుగా చింపి కట్టింది.

"తడుపుతా ఉండు. విప్పి మాత్రం చూడకు," అని చెల్లాయమ్మను హెచ్చరించింది.

వానలు పడ్డాయి. ఒకనాడు నా నేతకు లోపలినుంచి ఏదో తగిలింది, పసిబిడ్డ పెదవిలా మెత్తగా. ఉయ్యాలగా ఎందరినో మోశాను గాని, నాలో ఎవరూ పుట్టలేదు. ఊపిరి లేనిదాన్ని, అయినా ఊపిరి బిగబట్టాను.

చెల్లాయమ్మకు ఇదేమీ తెలియదు. రోజూ తడిపేది, తడిమేది, ముక్కు ఆనించి చూసేది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక తన కొమ్మకున్న పీలికను, అంటే నా రెండో సగాన్ని, విప్పేసింది. మట్టిముద్ద చేతిలో చిట్లింది. అందులో దారాల్లాంటి తెల్లని వేర్లు, అన్నీ తెగి. గబగబా మళ్ళీ కట్టేసింది.

చెట్టు కొట్టేవాళ్ళు రేపొస్తారనగా వీరాయమ్మ కత్తి పట్టుకొచ్చి, ముందు చెల్లాయమ్మ కొమ్మను తడిమింది.

"ఈ ముడి నేనేసింది కాదే."

"ఒక్కసారే చూశానక్కా. బతికుందో లేదోనని."

"కాపురానికొచ్చిన కొత్తలో ఉడికిందా ఉడికిందా అని మూత తీసి తీసి అన్నం పలుకు చేశావు. ఇన్నేళ్ళైనా నీ చెయ్యి ఊరుకోదు."

నేనున్న కొమ్మను నాకు కిందుగా కోసింది. నా పోగుల మధ్యనుంచి తెల్లని వేర్లు బయటికి తొంగిచూస్తున్నాయి. చెల్లాయమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది.

"అది నీదక్కా."

"నాకాడ మేకలు తినేత్తాయి. నువ్వే పట్టుకెళ్ళు."

"నీకు మేకలెక్కడియ్యి?"

"కొంటాను." వీరాయమ్మ కొమ్మను ఆమె ఒళ్ళో పెట్టింది. "పువ్వుల కోసం నేనే మీ ఇంటికి వత్తాను. అన్నం మటుకు నేనే వండుతాను."

"ఈ గుడ్డ విప్పాలా?"

"ఇంకా నిన్ను విప్పమంటానేంటే? వేర్లు తెగుతాయి. గుడ్డతోనే పాతు."

అలా మట్టిలోకి వచ్చాను. పోగు వెంట పోగు విడిపోతున్నాను. ఎర్ర అంచు ఏదో, మట్టి ఏదో నాకే తెలియడం లేదు. వేర్లు నాలోంచి దూరి, నేనెన్నడూ చూడని లోతులకు వెళ్ళిపోతున్నాయి. ఒకప్పుడు నన్ను అంటిన మట్టి ఉతికితే పోయింది. ఈసారి పోయేది నేను.

నిన్న పైన అడుగుల చప్పుడైంది. బస్సు దిగి వచ్చిన ఆయాసంతో ఒక గొంతు అడిగింది.

"ఏమే, మొగ్గ తొడిగిందా?"

"నువ్వే చూడక్కా. నేను ముట్టుకోలేదు."