మాణిక్యం బరువు

రోజూ తెల్లారి ఆరింటికి మాణిక్యం షెడ్డుకి బయల్దేరేముందు నాగదుర్గ ఆయన ప్యాంటు జేబుల్లో సీసపు గుళ్లు వేసేది. అంతర్వేది నుంచి తెచ్చుకున్న గుళ్లవి, వల అంచుకి కట్టేవి. మామూలు రోజైతే జేబుకి నాలుగు. శుక్రవారమైతే జేబుకి పది. శుక్రవారం యజమాని మజ్లిస్‌కి, అంటే ఆయన కచేరీ చావడికి, అతిథులొస్తారు. నలుగురు మనుషులు కనబడితే మొగుడి నోరు ఊరుకోదన్న సంగతి ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆవిడకి బాగా తెలిసొచ్చింది.

కోతలు కోస్తే మాణిక్యం తేలికైపోతాడు. చిన్న కోతకి చెప్పులు నేలకి ఆనీ ఆనకుండా ఉంటాయి. పెద్ద కోతకి మనిషే లేస్తాడు. ఎనభయ్యారు వరదలో ఈనిన గేదెను భుజాన వేసుకుని గోదావరి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదానని గల్ఫులో అజ్మాన్ పడవల యార్డులో చెప్పిన రోజున క్రేను కొక్కేనికి తలకాయ తగిలింది. ఆ తర్వాత పదిహేనేళ్లూ నడుముకి తాడు, తాడు కొసకి లంగరు. సేఫ్టీ ఆఫీసరు పొద్దున్నే వచ్చి టోపీ ఉందా, బూట్లున్నాయా, తాడుందా అని మూడే ముక్కలు అడిగి సంతకం పెట్టించుకునేవాడు.

కానీ పనిమంతుడు. పడవ ఒంటికి గాజు గుడ్డ పరిచి రెజిన్ జిగురు పూశాడంటే, ఆ నునుపు మీద ఈగ వాలి జారిపడి కాలు విరగ్గొట్టుకునేదని చెప్పుకునేవారు. కాలు విరిగిన ఈగల్ని కళ్లారా చూసినవాళ్లు కూడా అజ్మాన్‌లో ఉన్నారు.

ఆ పేరు విని ఖల్ఫాన్ ఆయన్ని అల్ ఐన్ పిలిపించుకున్నాడు. ఖల్ఫాన్‌కి అరవై దగ్గర పడింది. ఖోర్ ఫక్కాన్‌లో పుట్టి, అల్ ఐన్‌లో ఖర్జూరపు తోట కొనుక్కుని స్థిరపడినవాడు. విమానం నడిపే లైసెన్సు ఉంది. మనిషి మట్టలా సన్నం, మాట మెత్తన. పనివాళ్లు ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవారు.

కరోనా ఏడాది లోకంలో విమానాలన్నీ కోడిపెట్టల్లా నేలమీద కూర్చున్నప్పుడు, ఊరెళ్లిపోతున్న ఓ తెల్లదొర దగ్గర అర్బాబ్ ఒక విమానం కొన్నాడు. అది డబ్బాల్లో వచ్చింది. థర్మోకోల్ లాంటి నురుగు దిమ్మలు, గాజు గుడ్డ చుట్టలు, రెండు ఇంజన్లు, ఇంటి దగ్గరే కూర్చుని కట్టుకోమని బొమ్మలేసి రాసిన లావుపాటి పుస్తకం. ఆ కిట్టు అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఏదైనా తేడా వస్తే అడగడానికి లోకంలో మనిషి లేడు.

చిన్న రెక్క ముందు, పెద్ద రెక్క వెనక. ముక్కుకో ఇంజను, తోకకో ఇంజను. తెలియనివాడు చూస్తే వెనక్కి ఎగిరే విమానం అనుకుంటాడు. అర్బాబ్ మాత్రం దాని బొమ్మ మీద చెయ్యి వేసి, పెళ్లికూతురి గురించి చెబుతున్నట్టు చెప్పేవాడు.

“చూడు మాణిక్, మామూలు విమానం ముక్కు మరీ పైకెత్తితే రెక్క గాలి పట్టు వదిలేస్తుంది. రాయిలా పడుతుంది. దీనికి ముందున్న చిన్న రెక్క ముందుగా పట్టు వదులుతుంది. ముక్కు తనంతట తను వంగుతుంది, పెద్ద రెక్క నిబ్బరంగా ఉంటుంది. ఇక్కణ్ణుంచి ఖోర్ ఫక్కాన్ పోవాలంటే అన్నీ కొండలే, దిగడానికి చాపంత చోటు లేదు. ఒక ఇంజను ఆగినా రెండోది అదే వరసలో ఉంది కాబట్టి సూటిగా తీసుకుపోతుంది. పక్కకి తిప్పదు.”

ఇంజన్ల మెకానిక్ సనావుల్లాది కడప. ఆయనకి ఆ విమానం పొడ గిట్టేది కాదు.

“ముందర ఇంజను ఆగిపోతే పంకా ఆగిందని కంటికి కనపడతాది. ఎనక ఇంజను ఆగితే ఎవురికి తెలుస్తాది మాణిక్యమన్నా? ముందు చక్రం రాయి ఎగరేస్తే పోయి ఎనక పంకాకే తగల్తాది. ఇసక నేలమీద దిగరాదు. వాన చినుకు పడినా, పురుగు అతుక్కున్నా ఆ చిన్న రెక్కకి బలం తగ్గుతాది. తెల్లరంగు తప్ప ఇంకో రంగు పూస్తే ఎండకి మెత్తబడతాది. లేవాలంటే ఇంత పొడుగు రన్‌వే కావాల. ఇన్ని నఖరాలు నా పెండ్లాంకి కూడా లేవబ్బా.”

“నీ పెళ్లాం నాలుగేళ్లు షెడ్డులో కూర్చోలేదు కదా,” అన్నాడు మాణిక్యం.

“అదీ షెడ్డులోనే కూర్చుండాది. కడపలో మా ఇల్లు రేకుల షెడ్డే.”

అర్బాబ్ మాణిక్యానికి ఒక మాట ఇచ్చాడు. మొదటిసారి గాల్లోకి లేచి దిగాక, విమానం పక్కన మాణిక్యం పేరు తెలుగు అక్షరాల్లో మూరెడు ఎత్తున రాయిస్తానన్నాడు. ఆ రోజు నుంచి మాణిక్యానికి ఆ పేరు నిద్రలో కూడా కనబడేది. గోదారి జిల్లాల నుంచి గల్ఫుకొచ్చిన లక్షమందిలో ఆకాశానికి ఎక్కిన పేరు తనదొక్కటే అవుతుందని లెక్క వేసుకున్నాడు.

తప్పు రెండో ఏడాది ఎండల్లో జరిగింది.

ఒక శుక్రవారం మజ్లిస్‌లో అతిథులు రెక్క ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. “వచ్చే శుక్రవారానికి,” అన్నాడు మాణిక్యం. “ఇలాంటి రెక్కలు నేను కళ్లు మూసుకుని, ఒంటిచేత్తో, భోజనాల విరామంలో కట్టినవాణ్ణి.” అంటూనే తివాచీ మీంచి లేచాడు. పక్కనున్న పెద్దాయన ఆయన చీలమండ పట్టుకుని కిందకి లాగి, ఇంకో చేత్తో కావా కాఫీ గిన్నె అందించాడు. మాటలు సాగిపోయాయి.

మంగళవారంనాడు చిన్న రెక్క మొదట్లో, విమానం ఒంటికి కలిసే చోట, మాణిక్యం చేతిలోంచి ఇనప బిగింపు జారిపడి సొట్ట పడింది. సొట్ట పూడ్చడానికి కావలసిన ఎపాక్సీ జిగురు పీపా అయిపోయింది. కొత్త పీపా ఓడలో ఉంది, మూడు వారాలు పడుతుందన్నారు. మాణిక్యం పెట్టెలో పడవలకి వాడే రెజిన్ ఉంది. ఇరవయ్యేళ్లు దానితోనే అన్నం తిన్నాడు. తీసి పూశాడు.

పూయగానే అరచేతి కింద రెక్క లోపలి నురుగు సుయ్యిమంది. అట్ల పెనం మీద నీళ్లు చిలకరించినట్టు. పడవ రెజిన్ ఆ నురుగు దిమ్మని తినేస్తుందని పుస్తకంలో ఎర్రక్షరాలతో ఉందట. మాణిక్యం చదవలేదు. గబగబా గాజు గుడ్డ కప్పాడు, ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు, తెల్లరంగు వేశాడు. శుక్రవారం అతిథులొచ్చి రెక్క మీద చెయ్యి వేసి మాషాల్లా అన్నారు.

ఆ తర్వాత మాణిక్యం ఎవరూ లేనప్పుడు దిర్హం బిళ్లతో అక్కడ తట్టి చూసేవాడు. గట్టి చోట బిళ్ల టక్కుమనేది. బోలుగా ఉన్న చోట డబ్‌మనేది. మొదటి నెల బొటనవేలంత మేర డబ్‌మంది. చలికాలానికి అరచేయంత. నిరుటి ఎండల తర్వాత మూరెడు. పైకి మాత్రం కోడిగుడ్డులా నునుపు. లోపల ఏదో కూర్చుని తింటోంది, ఎవరికీ వినబడకుండా.

బోలు పెరిగినకొద్దీ మాణిక్యం కోతలు పెరిగాయి. ఇసకలో అడుగుల అచ్చులు పడడం మానేశాయి. నాగదుర్గ జేబుకి పదిహేను గుళ్లు వేసేది, అవీ చాలక బెల్టుకి ఇనప తాళం తగిలించేది.

మొన్న జనవరిలో తూకం వేశారు. మూడు చక్రాల కింద మూడు కాటాలు. ఈ రకం విమానానికి బరువు లెక్కే ప్రాణం. వెనక బరువు ఎక్కువైతే లేచిన ముక్కు మళ్లీ దిగదు. ముందు బరువు ఎక్కువైతే ముక్కు అసలు లేవదు. పైలట్ పక్క సీట్లో డెబ్భై కిలోలు ఉండాలని లెక్క తేలింది.

“నేను కూర్చుంటాను,” అన్నాడు మాణిక్యం. అనకుండా ఉండలేకపోయాడు. “నేను కట్టిన విమానంలో మొదట నేనుకాక ఇసక బస్తా కూర్చుంటుందా?”

అంటూ ఆయన ఎక్కి నిలబడ్డ కాటా ముల్లు డెబ్భై నుంచి యాభైకి పడింది. అర్బాబ్ ముల్లు వంక చూసి, నెమ్మదిగా అన్నాడు. “మాణిక్, ఎగిరే రోజు పైన మాట్లాడకు. నువ్వు మాట్లాడితే మనం ఇద్దరం పోతాం.”

మొదటిసారి ఎగరాల్సిన రోజుకి ముందురోజు సాయంత్రం మాణిక్యం అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడు. నాగదుర్గ చేపల పులుసు గిన్నె పక్కకి జరిపింది.

“ఏంటండీ, మూడు రోజుల్నుంచి గుళ్లు వేయకపోయినా నేలమీదే నడుస్తున్నారు. ఏం దాస్తున్నారు?”

చెబుదామనే మాణిక్యం నోరు తెరిచాడు. “దుర్గా, ఆ రెక్క ఉంది చూశావూ... దాన్ని నేను చేసినట్టు ఈ భూప్రపంచంలో...” పీట మీంచి లేచాడు. నెత్తి ఫ్యాను రెక్కల దాకా వెళ్లింది.

నాగదుర్గ ఎంగిలి చేత్తోనే స్విచ్చి కట్టేసి, ఆయన లుంగీ కొస పట్టుకుంది. “కిందకి దిగి చెప్పండి.”

దిగాడు. చెప్పలేదు.

మర్నాడు పొగమంచు. ఎడారి మధ్య విమానాల క్లబ్బు రన్‌వే చివర కనబడడం లేదు. చిన్న రెక్క మీద నీటి బొట్లు పట్టాయి. సనావుల్లా గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచిన చోటే మళ్లీ పడుతున్నాయి. రన్‌వే మీద గులకరాళ్లు చీపురుతో ఊడ్చి, అప్పటికే నడుం పట్టుకుని ఉన్నాడు.

మాణిక్యం రాత్రంతా ఆలోచించి ఒకటే మాట తెచ్చుకున్నాడు. “జ్వరం అర్బాబ్.”

అర్బాబ్ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఇసక బస్తాలు రెండు తెమ్మన్నాడు. సనావుల్లా వాటిని పక్క సీట్లో పెట్టి బెల్టు బిగించాడు. బస్తాలు మాట్లాడవు కనక ఆ వైపు మైకు పీకి జేబులో వేసుకున్నాడు. అర్బాబ్ తన సీట్లో కూర్చుని, బస్తా భుజం తట్టి, “నువ్వు మంచివాడివి, కథలు చెప్పవు,” అన్నాడు.

మాణిక్యం ఇప్పుడైనా చెప్పవచ్చు. చెబితే పేరు పోతుంది. చెప్పకపోతే మనిషి పోతాడు. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో ఆయనకే నమ్మకం లేదు. దగ్గరికి నడిచి, బెల్టు విప్పి, ఒక్కో బస్తా తీసి కింద పడేసి, తనెక్కి కూర్చున్నాడు.

“జ్వరం ఖలాస్?” అన్నాడు అర్బాబ్.

మాణిక్యం తలూపాడు.

ముందు ఇంజను, వెనక ఇంజను ఒకదాన్నొకటి మింగేసేటట్టు అరిచాయి. విమానం కదిలింది. ఆ హోరులో తన మాట తనకే వినబడదని తెలిశాక మాణిక్యం నోరు దానంతటదే తెరుచుకుంది.

“గేదె కాదు. దూడ. మోసింది మా అన్న. నేను చెట్టెక్కి కూర్చున్నాను.”

సీటు కొద్దిగా దిగింది. వేగం చూపే ముల్లు ముప్ఫై దాటింది.

“అజ్మాన్‌లో షేకు గారి పడవ నేను కట్టలేదు. దానికి రంగు వేశాను. రంగులో సగం.”

ముందు చక్రం కాడ మూలిగింది. నలభై. యాభై.

“నాకు చదవడం సరిగా రాదు. పుస్తకం చదివానని చెప్పాను. బొమ్మలు చూశాను.”

ఒక్కో మాటకి ఒళ్లు దిమ్మలా గట్టిపడుతోంది. చెప్పుల కింద నేల పలక చిట్లింది. ఎన్నేళ్లుగా ఊదేసిన బరువో, వడ్డీతో సహా తొడల్లోకి, పొట్టలోకి, పుర్రెలోకి దిగింది. అరవై. డెబ్భై. అర్బాబ్ విమానం నడిపే కర్ర వెనక్కి లాగాడు. ముక్కు లేవలేదు.

“ఆ రెక్కకి పడవ రెజిన్ పూశాను అర్బాబ్. లోపల ఏమీ లేదు.”

డెబ్భై అయిదు. ఎనభై. అర్బాబ్ రెండు చేతులా లాగాడు. ముందు టైరు నేలకి అంటుకుపోయి నల్లగా గీస్తూ పోతోంది. మంచులోంచి రన్‌వే చివరి గీత పరిగెత్తుకొచ్చింది. అర్బాబ్ రెండు ఇంజన్లూ కట్టేసి బ్రేకు తొక్కాడు. విమానం గీత దాటి, ఇసకలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

ఇంజన్లు చల్లారుతూ టిక్కుటిక్కుమన్నాయి.

“ఎందుకు లేవలేదు?” అన్నాడు అర్బాబ్. ఆయనకి ఒక్క ముక్క వినబడలేదు. మైకు సనావుల్లా జేబులో ఉంది.

మాణిక్యానికి ఇంకో దారి కూడా ఉంది. మంచు బొట్లని చెప్పొచ్చు, తూకం తప్పిందని చెప్పొచ్చు. నోరు తెరిచాడు.

“చిన్న రెక్క లోపల బోలు ఉంది అర్బాబ్. నేనే చేశాను. దాచాను.”

అర్బాబ్ ఆయన వంక చూడలేదు. తన చేతులు చూసుకున్నాడు. అవి ఇంకా కర్రనే పట్టుకుని ఉన్నాయి. చాలాసేపటికి వదిలాయి.

మాణిక్యాన్ని సీట్లోంచి దింపడానికి తోట నుంచి ట్రాక్టరు రావాల్సి వచ్చింది. సనావుల్లా గొలుసు తగిలిస్తూ, “నడుం జాగ్రత్త మాణిక్యమన్నా,” అని మాత్రం అన్నాడు.

నాలుగో రోజున షెడ్డులో రంపం పెట్టి చిన్న రెక్కని మొదట్లో కోశారు. అర్బాబ్ చెయ్యి లోపలికి పోనిచ్చాడు. మణికట్టు పోయింది, మోచెయ్యి పోయింది, భుజం దాకా పోయింది. లోపల గోడల మీద నల్లటి జిగురు తప్ప చేతికి ఏమీ తగల్లేదు. చెయ్యి బయటికి తీసి, ఒంటిమీది తెల్లటి కందూరా అంగీకే తుడుచుకున్నాడు. మాణిక్యం వీసా రద్దు చేసే మాట ఎత్తలేదు. విమానం పక్కన పేరు మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

పుస్తకం తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఎర్రక్షరాల పేజీ తెరిచి, పైకి చదివి, హిందీలో అర్థం చెప్పాడు. మాణిక్యం సిమెంటు దిమ్మ మీద కూర్చుని విన్నాడు. ఇప్పుడు కుర్చీలు ఆయన్ని మోయలేవు.

“కొత్త రెక్క,” అన్నాడు అర్బాబ్. “ఎన్నాళ్లు పడుతుంది?”

షెడ్డు గుమ్మంలో నాగదుర్గ క్యారేజీ పట్టుకుని ఆగిపోయింది. సనావుల్లా స్పానరు కింద పెట్టాడు.

“తెలియదు అర్బాబ్,” అన్నాడు మాణిక్యం. దిమ్మ కింద నేల సన్నగా పగిలిన చప్పుడు అందరికీ వినబడింది.