బుడగ లేని నరసింహుడు

"పిండి కలిపినట్టే గదా, దానికేందే అంత రామాయణం?" అన్నాడు రాజశేఖర్, భార్య బొమ్మలు పోసే రెజిన్ జిగురు సీసాను వేడినీళ్ళలో పెట్టడం చూసి.

భరణి సీసాను నీళ్ళలో ఇంకాస్త కిందికి నొక్కింది. రామాయణమైతే ఏడు కాండలకు అయిపోతుంది, ఈ ఇంట్లో ఆమెకు రోజూ కొత్త కాండే. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇల్లది. ఆడవాళ్ళు ఉలి ముట్టకూడదని ఆచారం. రాతికి గిరాకీ తగ్గి, అహోబిలం అంగళ్ళకు చిన్న నరసింహస్వామి బొమ్మలు పోయాల్సి వచ్చినప్పుడు మాత్రం, ఇందులో ఉలి లేదు కదా అని పని వంటింట్లోకి జరిగింది. అచ్చులో పోసేది ఆమె, డబ్బా మీద అచ్చయ్యే పేరు ఆయనది.

వెచ్చబడితే రెజిన్ పలచబడి లోపలి గాలి తేలిగ్గా పైకొస్తుంది. గట్టిపడే మందు కలిపాక పుల్లతో మెల్లగా, గిన్నె అంచు గీకుతూ తిప్పాలి. చిలికితే అంతా నురగే. ముందు కుంచెతో అచ్చులోని స్వామి కోరల్లో, జూలులో పూయాలి, గాలి దాక్కునేది అక్కడే. తర్వాత పైనుంచి సన్నటి దారంలా వదలాలి. సరిగ్గా ఆ దారం తెగేలా అత్త ఉమామహేశ్వరమ్మ కేక: "ఏమే, బొమ్మలాట అయిపోతే నాకింత కాఫీ పోస్తావా?" అత్తగారు గట్టిపడటానికి ఏ మందూ కలపనక్కర్లేదు.

ఆ సాయంత్రం నంద్యాల నుంచి శ్యాంసుందర్ వచ్చాడు. బొమ్మల దుకాణం ఆయనది. స్వామిని వెలుతురుకు పెట్టి చూసి, "ఒక్క బుడగ గూడా లేదే! ఎట్ల చేస్తాండావప్పా?" అన్నాడు.

రాజశేఖర్ నవ్వాడు. "చేతివాటం అన్నా."

"సీసాను ముందు వేడి..." అంది భరణి, గుమ్మంలోంచి.

"నీళ్ళు తేపో," అన్నాడు రాజశేఖర్.

నీళ్ళిచ్చాక శ్యాంసుందర్ ఆమెనే అడిగాడు. "పోసేది నువ్వేనామ్మా? మా నంద్యాల షెడ్డులో ఆడపిల్లలకు నేర్పిస్తావా? పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం పోవచ్చు. జీతం నీ చేతికే ఇస్తా."

ఆమె గుండె ఒక్కసారి ఆళ్లగడ్డ బస్టాండుకు పోయి నిలబడింది.

"ఆమెకేం తెలుసన్నా, నేను చెప్పినట్టు తిప్పుతాది," అన్నాడు రాజశేఖర్. "ఆ షెడ్డులో పోసే సరుకేందో నాకే ఆర్డరియ్యి, ఈడనే పోసిస్తా."

"కోడలు బస్సెక్కితే పొయ్యి ఎవరు ముట్టిస్తారు నాయనా?" అంది అత్త. శ్యాంసుందర్ మొహమాటంగా తలూపాడు. ఆర్డరు ఖాయమైంది. బస్సు ఆమె ఎక్కకుండానే వెళ్ళిపోయింది.

"యాడా బుడగ రాకూడదు," అన్నాడు మొగుడు, ఆయన్ని సాగనంపి వచ్చి. "నా పేరు పోతాది."

భరణి తలుపు వేసుకుంది. ఈసారి చిలుకుతాను అనుకుంది, మజ్జిగ చిలికినట్టు. ప్రతి స్వామి మొహానా అమ్మవారు పోసినట్టు గుంటలు పడాలి, చేతివాటం ఎవరిదో అప్పుడు తెలుస్తుంది. పళ్ళు బిగబట్టి పుల్ల పట్టుకుంది.

చెయ్యి మెల్లగా తిరిగింది, అంచు గీకుతూ. ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అలాగే, మెల్లగా. గిన్నె చప్పుడు కాకుండా, గాజులు గలగలమనకుండా, ఎవరి నిద్రా చెడకుండా తిరగడం ఈ ఇంట్లో నేర్చిన చెయ్యి. అది ఆమె మాట ఎప్పుడు విన్నది గనక?

మర్నాడు అచ్చు విప్పింది. స్వామి నోరంతా తెరిచి గర్జిస్తున్నాడు. లోపల పిసరంత గాలి లేదు.