రెండో చెప్పు

వదిన చేసిన పనిలో వదిన పేరు కనపడేది ఒకే ఒక్క చోట. అదీ ఆడుకున్నవాళ్ళు ఆట కట్టేసి వెళ్ళిపోయేటప్పుడు.

వదిన పనిచేసే కొట్లో అమ్మేవి చేతిలో పట్టే ఆట యంత్రాలు. అరచేతికి కాస్త పెద్దవి, మధ్యలో తెర, రెండు పక్కలా మీటలు. చిన్నప్పుడు ఆడిన ఆటల మీద మోజు తీరని పెద్దవాళ్ళే ఎక్కువగా కొనేవారు. పాతకాలం యంత్రంలా నటించి ఆ ఆటల్ని నడిపించే ప్రోగ్రాముని ఎమ్యులేటర్ అంటారు. అది ఎవరో పుణ్యాత్ములు రాసి లోకానికి వదిలేసిన సొత్తు, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ దాని ముఖం చూస్తే మాత్రం కొన్నవాడు మర్నాడే వెనక్కి తెచ్చిస్తాడు. అన్నీ అంకెలు, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో తెలియని మెనూలు. సరుకు ఎంత మేలైనదైనా కొట్టు ముందు బురదుంటే లోపలికి ఎవరొస్తారు? అందుకని ఎమ్యులేటర్‌కి ముందు ఒక వాకిలి కట్టింది వదిన. యంత్రం వెలిగించగానే ఆటలు బొమ్మలతో సహా వరసగా కనపడతాయి. నచ్చినదాని మీద నొక్కితే మొదలవుతుంది. ఆపితే, ఎక్కడ ఆపారో మెమరీ కార్డులో రాసుకుని, మళ్ళీ వెలిగించినప్పుడు అక్కడినుంచే అందిస్తుంది. ఆ ప్రోగ్రాముకి "వాకిలి" అనే పేరు పెట్టుకుంది.

కొట్టు నడిపేది ఆమె ఆడపడుచు. బేరంలో దిట్ట. గల్లాపెట్టె ముందు ఆమె, చెక్క అడ్డు వెనక బల్ల దగ్గర వదిన. పొద్దస్తమానం "వదినా ఇది చూడు, వదినా అది చూడు" అని ఆ పిల్ల వేసే కేకలు విని విని, కొనేవాళ్ళకీ వీధివాళ్ళకీ కూడా ఆమె వదినే అయిపోయింది. తల నెరిసిన పళ్ళ డాక్టరు సైతం "వదినగారూ, మీట ఇరుక్కుందండీ" అంటూ వచ్చేవాడు.

మొదట్లో వాకిలికి ఒక తెగులుండేది. ఆట ఆపగానే తెర నల్లబడేది. లోపల కార్డులో రాత ఇంకా సాగుతూనే ఉండేది. చూసేవాళ్ళు యంత్రం బిగుసుకుపోయిందనుకుని బ్యాటరీ పీకేవారు. రాత సగంలో తెగేది. ఆడినదంతా గంగలో కలిసేది.

"'దయచేసి ఆగండి' అని రాస్తాను" అంది వదిన.

ఆడపడుచు పకపకా నవ్వింది. "ఆగమంటే ఎవరాగుతారు వదినా? నా మొగుడే ఆగడు. ఏదైనా కదిలే బొమ్మ పెట్టు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడతారు."

ఆ మాట నిజం. వదిన ఒక బొమ్మ గీసింది. ఆట ఆపగానే గళ్ళచీర కట్టుకున్న చిన్న మనిషి గడప దగ్గరికి వస్తుంది. ఒక చెప్పు వేసుకుంటుంది. రెండోది కనపడదు. చాప ఎత్తి చూస్తుంది, తలుపు వెనక చూస్తుంది, నడుం మీద చెయ్యి వేసుకుని ఆలోచిస్తుంది. లోపల కార్డులో రాత పూర్తయ్యాకే ఆ రెండో చెప్పు దొరుకుతుంది. అప్పుడు వేసుకుని, వెనక్కి తిరిగి "వెళ్ళొస్తా!" అంటుంది. కింద చిన్న అక్షరాలతో "వదిన వాకిలి" అని పడుతుంది. ఆ తరవాతే యంత్రం ఆగుతుంది. రాత పూర్తయ్యేదాకా ఆగే పనిని వదిన ఆ రోజు తొందరలో బొమ్మ ఫైల్లోనే ఇరికించేసింది. ఇల్లు సర్దే హడావుడిలో తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టినట్టన్నమాట. పెట్టినవాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది?

జనానికి ఆ బొమ్మ తెగ నచ్చింది. చెప్పు దొరుకుతుందో లేదో చూడటానికే ఆట ఆపేవాళ్ళున్నారు.

టోకు వ్యాపారి ఒకాయన దృష్టి దీనిమీద పడింది. వీధిలో అందరూ టోకాయన అంటారు. తాను తెప్పించే యంత్రాలన్నిటిలో వాకిలి వేయించుకుంటానని కబురు పెట్టాడు. అది కుదిరితే వదిన పనితనం ఎన్ని ఊళ్ళకి వెళుతుందో! ఆయన వచ్చిన రోజు వదిన బల్ల దగ్గర టంకం వేస్తోంది. అడ్డుచెక్క అవతలి మాటలన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.

"పనితనం బాగుంది. ఎవరు రాశారు?"

"మా ఆయనేనండీ" అంది ఆడపడుచు.

వదిన చేతిలో టంకం కడ్డీ గాలిలోనే నిలిచిపోయింది.

"మరి ఈ వదిన ఎవరు?"

"ఇంట్లో ముద్దుగా పెట్టుకున్న పేరులెండి."

"ముద్దులూ మురిపాలూ నాకొద్దు. అది తీసేయండి. ఆ చెప్పుల గోలేమిటి? ఆపితే చటుక్కున ఆగాలి."

"చిటికెలో పనండీ" అన్నాడు ఆడపడుచు మొగుడు. ఆ ఇంటి అల్లుడు అప్పటిదాకా వాకిలికి చేసిన సాయమల్లా, వదిన పని చేసుకునే కుర్చీలో కూర్చుని కిర్రుమనిపించడం.

సొమ్మొకడిది, సోకొకడిది.

టోకాయన టీ తాగుతుండగా ఆడపడుచు అడ్డు వెనక్కి వచ్చింది. గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకు వదినా. ఆయన పాతకాలం మనిషి. మగాడు రాశాడంటే గట్టి నమ్మకం. పేరు ఎవరిదైతేనేం, అందరం ఒక ఇంటివాళ్ళమే కదా!"

"అదే మాట ఆయనతో అని, నా పేరే చెప్పకపోయావా?"

"అబ్బా, పేరులో ఏముందిలే. సర్లే గానీ, ఆ చెప్పుల బొమ్మ తీసేస్తే ఏం కాదుగా?"

వదిన ఆ పిల్ల ముఖంలోకి చూసింది. వ్యాపారంలో ఒక క్షణం ఉంటుంది. ఎదుటివాడు తన నష్టాన్ని తానే ఎత్తుకుని తెచ్చి మన బల్లమీద పెట్టి, తీసుకోమంటాడు. మంచివాళ్ళు వద్దంటారు. వదిన మంచిదే. కానీ ఆ పూట కాదు.

"రాసినాయన పక్కనే ఉన్నారుగా అమ్మాయ్, అడుగు."

"ఎత్తిపొడుపులు ఎందుకులే" అని ఆడపడుచు వెళ్ళిపోయింది.

అల్లుడు బొమ్మ ఫైలు తీసేశాడు. కొట్లో చూపించడానికి పెట్టుకున్న యంత్రంలో వేసి పదేపదే ఆపి చూశాడు. అందులో ఉన్నది ఖరీదైన కార్డు. రాత కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. "చూశారా, ఎంత చురుగ్గా ఆగిందో!" అన్నాడు. టోకాయన తల ఊపాడు. టోకాయన మాత్రం రాత నిదానంగా సాగే చవకరకం కార్డులే కొంటాడని వీధిలో అందరికీ తెలుసు. వదినకీ తెలుసు. ఆమె అబద్ధమేదీ ఆడలేదు. టంకం వేసుకుంటూ కూర్చుంది, అంతే.

ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. ఆయన వ్యాను తోలుకుంటూ ఊళ్ళన్నీ తిరుగుతాడు గానీ చెల్లెలి ముందు మాత్రం ఆయన నోరు తిరగదు. "పోనీలే, చిన్నపిల్ల" అన్నాడు. ఆ చిన్నపిల్లకి ముప్పై దాటాయి. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ ఇంట్లో మిగతా సగం కూడా ఆమే.

తరవాతి ఆదివారం ఆడపడుచు కొత్త వాకిలిని అమ్మకి కూడా వేయిస్తానని వచ్చింది. అత్తగారు ఒకప్పుడు బొత్తాల కొట్టు నడిపిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కుర్చీకే పరిమితమై, చేతి యంత్రంలో ఒక పాత తోట ఆట ఆడుతుంటుంది. విత్తనం వేయడం, నీళ్ళు పెట్టడం, కాసింది కోసుకోవడం. ఏళ్ళ తరబడి పెంచిన తోట అది. గుమ్మడి పాదులకి పిల్లల పేర్లు పెట్టుకుంది.

"అమ్మా, ఇలా ఇవ్వు. ఇకమీదట చెప్పుల కోసం దేవులాడక్కర్లేదు."

"ఆ దేవులాటే నాకు బావుంటుందే" అంది అత్తగారు. కూతురి మాట కాదనలేక యంత్రం చాచింది.

వదిన మధ్యలో అందుకుంది. "ఒక్క నిమిషం అత్తయ్యా. తెరంతా జిడ్డుగా ఉంది, తుడిచిస్తాను."

పక్కగదిలోకి వెళ్ళి తెర తుడిచింది. తుడుస్తూనే తోటంతా తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని, యంత్రం తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది.

పెట్టెలు ఊళ్ళకి వెళ్ళాయి. ఆ వెంటనే తిట్లు వెనక్కి వచ్చాయి. ఒక బస్సు కండక్టరు ఆఖరి రాక్షసుణ్ణి చంపి, యంత్రం ఆపి, మళ్ళీ వెలిగిస్తే రాక్షసుడు నిక్షేపంగా నవ్వుతూ కనపడ్డాడట. కొత్త వాకిలి వేయించుకున్న పళ్ళ డాక్టరు రోగికీ రోగికీ మధ్య ఆటలో కట్టుకున్న కోట ఒక్క ఇటుక మిగలకుండా పోయింది. ఆయనే స్వయంగా వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడ్డాడు. "పన్ను పీకినా మత్తిచ్చి పీకుతామమ్మా. మీరు అదీ లేకుండా పీకేశారు" అన్నాడు.

అల్లుడు కార్డుల్ని తిట్టాడు. తరవాత ఎమ్యులేటర్ని తిట్టాడు. దాన్ని విప్పి ఏదో మార్చాడు. ఆటలు వెలగడం కూడా మానేశాయి. చెప్పుల బొమ్మకీ కార్డులో రాతకీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? ఆగమంటే జనం ఆగరని, అందుకే బొమ్మ పెట్టమని తానే చెప్పిన సంగతి ఆడపడుచుకి గుర్తు లేదు. ఇచ్చిన సలహా మరిచిపోయినవాళ్ళు తీసుకున్న సాయం గుర్తుపెట్టుకుంటారా?

టోకాయన కబురు పెట్టాడు. మర్నాటికి తేలకపోతే సరుకంతా వెనక్కి, ఇకపైన ఆ కొట్టు గడప తొక్కడు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆడపడుచు అడ్డు వెనక్కి వచ్చి నిలబడింది. "వదినా, ఒక్కసారి చూడవా?"

"చూస్తాను. టోకాయన వచ్చాక, ఆయన ముందే అడుగు."

"ఇంటి పరువు పోతుంది వదినా!"

"ముద్దుపేర్లకి పరువేమిటమ్మా?"

మర్నాడు టోకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అల్లుడు పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఆడపడుచు నేల చూపులు చూస్తూ, "ఇది రాసింది మా వదినండీ. మా ఆయన కాదు" అంది. చివరి మాట గొంతులోనే ఉండిపోయింది.

"వినపడలేదమ్మాయ్" అంది వదిన. "ఫ్యాను చప్పుడు."

"రాసింది మా వదిన!"

వదిన నింపాదిగా వచ్చి కూర్చుంది. అల్లుడు చెడగొట్టినదంతా తీసేసి తన పాత వాకిలి ఎక్కించింది. టోకాయన తెచ్చిన కార్డుల్లో అతి చవకది ఏరి యంత్రంలో పెట్టింది. ఆట కాసేపు ఆడి ఆపింది. గళ్ళచీర మనిషి వచ్చింది. చాప ఎత్తింది, తలుపు వెనక చూసింది, మళ్ళీ చాప ఎత్తింది. టోకాయన అటూ ఇటూ కదిలాడు. చివరికి చెప్పు దొరికింది. "వెళ్ళొస్తా!" యంత్రం ఆగింది. వెలిగించి చూపించింది. ఆట వదిలిన చోటే ఉంది.

"అంటే, చెప్పు దొరికేదాకా ఆగాలన్నమాట."

"మీ కార్డులకి ఆగాలండీ."

"ఈ మాట మొదట్లోనే చెప్పచ్చు కదమ్మా?"

"నన్ను అడిగిందెవరండీ?"

ఆయన ఆడపడుచు వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు.  ఒప్పందం కాగితం మీద వదిన పేరు రాయించి వెళ్ళాడు. ఆ పూట వదినకి అన్నం ఎంత రుచిగా ఉందంటే, మారు వడ్డించుకుంది.

అన్నం తిన్నాక అత్తగారి యంత్రంలో పాత వాకిలినీ తోటనీ తిరిగి ఎక్కించి ఇచ్చింది. కొత్త వాకిలి వేయించాక అందరి ఆటల్లాగే ఆ తోటా పోయింది. ఆ రోజునుంచీ ఆ పెద్దమనిషి ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని తోటంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"పెద్ద గుమ్మడికాయ ఇంకా కోయలేదు" అంది. "అమ్మాయి కొత్తది ఎక్కించిన పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది."

వదిన కంచాలు ఎత్తసాగింది.

"తెర తుడిచిస్తానన్నావు చూడు, అప్పుడేగా? ఇది పోతుందని నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసత్తయ్యా." బుకాయించి లాభం లేదు. బొత్తం చూసి చొక్కా ఎవరిదో చెప్పిన మనిషి ఆమె.

"నా కూతురు చేసింది దొంగతనమే. నేను కాదనను. కానీ నా తోట దాచావు. ఆ పళ్ళ డాక్టరు కోట ఎవరు దాచారే?"

ఆ మాట మాత్రం కాస్త గుచ్చుకుంది. డాక్టరు ముఖం కళ్ళముందు మెదిలింది. అది తన ఖాతాలో పడాల్సిందే. ఆ బాకీ చెల్లేదీ కాదు.

"నా నోరు మూతపడాలంటే ఒక ధర ఉంది" అంది అత్తగారు. "ఆ చెప్పుల బొమ్మలో నా కూతుర్ని కూడా పెట్టు. నీ పక్కన. రేపు నేను పోయినా మీ ఇద్దరూ ఒక గడప దగ్గర కనపడాలి. పెట్టకపోతే, ఆదివారం భోజనాల దగ్గర నోరు జారుతాను."

వదిన ఆలోచించింది. పెట్టనంటే గెలిచిందంతా పోతుంది. పెడితే పోయేదేమిటి? బొమ్మ గీసేది తనే కదా.

"అలాగే అత్తయ్యా."

రెండు రోజుల్లో కొత్త బొమ్మ తయారైంది. ముందు అత్తగారికే చూపించింది. ఆట ఆపగానే గళ్ళచీర మనిషి గడప దగ్గరికి వస్తుంది. ఒక చెప్పు వేసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. ఇప్పుడు ఆమె వెతకదు. లోపలినుంచి జడ వేసుకున్న ఇంకో మనిషి పరుగెత్తుకొస్తుంది. ఆమే వంగి చాప ఎత్తుతుంది, తలుపు వెనక దూరుతుంది, మోకాళ్ళ మీద పాకుతుంది. రెండో చెప్పు దొరకగానే తెచ్చి మొదటామె కాళ్ళ దగ్గర పెడుతుంది. "వెళ్ళొస్తా!" కింద అక్షరాలు: "వదిన, ఆడపడుచు."

అత్తగారు వెలిగించి మళ్ళీ ఆపి చూసింది. మూతి ముడిచింది గానీ నవ్వు ఆగలేదు.

"పెట్టమన్నాను. ఇలా పెట్టమన్నానా?"

"ఎలా పెట్టాలో మీరు చెప్పలేదత్తయ్యా."

ఇప్పుడు కొట్టుకి వచ్చిన ప్రతివాడూ ఆడపడుచుని ఎగాదిగా చూసి, "చెప్పులు తెచ్చే అమ్మాయి మీరేనా?" అని అడుగుతాడు. ఆమె పళ్ళు బిగించి "అవునండీ, ఏం కావాలి?" అంటుంది. బొమ్మ తీసేయమని అడగడానికి నోరు రాదు. తీసేస్తే ఏమవుతుందో ఇప్పుడు అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

టోకాయన కిందటి వారం కొత్త సరుకు తెచ్చాడు. కార్డులు మునుపటికన్నా చవకరకం. వాటి మీద రాత మరీ నత్తనడక. చెప్పు కోసం ఆడపడుచు వెతుకులాట చాలాసేపు సాగుతుంది.

"మంచి కార్డులు వేయించమంటారా?" అని ఆయనే అడిగాడు ఈసారి.

"ఎందుకండీ, దండగ" అంది వదిన. "ఇవి చాలు."