ఎర్రదారం బీడీ

పొద్దుటి పనులు కాగానే కౌసు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని గొంతు సవరించుకునేది. అప్పటికి సందులో ఆడవాళ్లంతా ఎవరింట్లో వాళ్లు తడిపిన తునికాకు, పొగాకు పొడి చేటల్లో సర్దుకుని, తమ ఫోన్లు పక్కన పెట్టుకుని అందులో ఆమె గొంతు కోసం కాచుక్కూచునేవాళ్లు.

"ఏం చదవమంటారే ఇవాళ?"

"ముందు తిట్లు చదువు కౌసక్కా. ఏడుపులు తర్వాత. వింతలు ఆఖర్న."

తిట్లంటే రాజకీయాల బ్లాగు. రాసేవాడెవడో గానీ ఏ పార్టీ నాయకుణ్ణీ వదిలేవాడు కాడు. ఏడుపులు రాసేది ఒక ఆడమనిషి: పనులు పోయి నడిచి వెళ్లే కూలీలు, గల్ఫు నుంచి వచ్చి సొంతింటి గడప తొక్కలేని మొగుళ్లు, ఆ గోడు. వింతల బ్లాగులో చేపలు, పక్షులు, మనం వినని దేశాల ముచ్చట్లు.

చిరక్కల్ బీడీ కంపెనీలో ఈ చదువు ఎప్పటినుంచో ఉన్నదే. ఒకరు పేపరు చదివితే మిగతావాళ్లు చుడతారు. చదివినంతసేపూ ఆ మనిషి చుట్టలేదు కాబట్టి తలా గుప్పెడు బీడీలు ఆమె వాటా కింద తీసిపెడతారు. లోకమంతా అంటుజబ్బు వచ్చి కంపెనీకి తాళం పడింది. సందు మొదట్లో వెదుళ్లు అడ్డం కట్టాక పేపరు కూడా రావడం మానేసింది. అంత మాత్రాన నోరు కట్టుకు కూచునే మనిషి కాదు కౌసు. ఫోన్లో వెతికి వెతికి ఈ బ్లాగులు పట్టుకుంది.

చుట్టేటప్పుడు చెవిన పడిన మాట బీడీలో ఉండిపోతుంది, ముట్టించినవాడికి వినపడుతుంది. ఇది ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. అంగడికి వెళ్లి "రాజకీయం కట్ట ఒకటియ్యి" అని అడిగి మరీ తెచ్చుకుంటారు. ఎన్నికలప్పుడు చుట్టినవి గొంతు మండిస్తాయని ముసలాళ్లు వాటి జోలికి పోరు. ఏదైనా ఒక్కసారే వినపడేది. బీడీ కాలిపోయిందంటే మాటా పోయినట్టే.

కౌసు మొగుడు కణారన్ మాత్రం మధ్యాహ్నం అన్నాలప్పుడు, చదువు ఆగాక చుట్టిన బీడీలే కావాలనేవాడు. అవి మాట లేని బీడీలు.

"పగలంతా మగ్గం మోత, ఇంటికొస్తే నీ మోత. బీడీ దగ్గరన్నా నన్ను వదిలెయ్యవే," అనేవాడు.

"నా గొంతు వినడానికి ఊళ్లో జనం డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు. ఊరికే వస్తోంది కదా, నీకు చేదు!" అనేది కౌసు.

లోకమంతా మూతపడ్డా నీ నోరు మూతపడలేదని కూడా అన్నాడు ఒకసారి. ఆ మాట తర్వాత అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

జ్వరం ముందు కణారన్‌కే వచ్చింది. లోపలి గదిలో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, గుమ్మంలో దగ్గుతూనే చదివింది కౌసు. ఆ సాయంత్రమే అంబులెన్సు వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయింది. చెరో వార్డులో పడేశారు. కౌసు తిరిగి రాలేదు. ముఖం చూపించలేదు సరికదా, ఎప్పుడు పోయిందో కూడా కణారన్‌కి అన్నీ అయిపోయాకే చెప్పారు. ఊపిరి పీలిస్తే పిల్లికూతలు వినపడే ఛాతీతో అతనొక్కడే ఇల్లు చేరాడు.

"ఇంకో కట్ట తాగావో, నా దగ్గరికి రానక్కర్లేదు పెద్దాయనా. నేరుగా పైకే," అన్నాడు డాక్టరు.

గోడ అవతలి ఇంటి నబీస రోజూ గిన్నెలో గంజి, పెసలు తెచ్చి గోడ మీద పెట్టేది. కౌసు చదువుతుంటే చుట్టిన వాళ్లలో నబీసదే చురుకైన చెయ్యి. ఒకరోజు గంజి అందుకుంటూ కణారన్ అడిగేశాడు.

"ఆఖరి రోజు కౌసు చదివింది కదా. దాని వాటా ఏదీ?"

నబీస ముఖం మాడిపోయింది. "ఇప్పుడెందుకన్నా అవి? నీ ఛాతీ చూసుకో."

"చదివినదాని వాటా ఎగ్గొట్టిన ఇల్లు ఈ సందులో ఇంతవరకూ లేదు. నువ్వు మొదలుపెడతావా?"

బీడీలు చుట్టే ఆడది దొంగ అన్నా పడుతుంది గానీ ఆ మాట పడదు. నబీస విసవిసా లోపలికి వెళ్లి, సందులో వాళ్లంతా తీసిపెట్టిన బీడీల కట్ట పట్టుకొచ్చింది. గోడ మీద పెట్టింది కానీ చెయ్యి తియ్యలేదు.

"ఇదిగో, ఈ ఎర్రదారంది చూడు. ఆఖర్న నేను చుట్టింది. ఇందులో వదిన నీ గురించి ఒక మాట అంది. నీకు దణ్ణం పెడతా అన్నా, ముందు ఇదే ముట్టించు."

కణారన్ కళ్లు మెరిశాయి. "నా గురించా? ఏమంది?" అన్నాడు. అంతలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, చెప్పకు! నువ్వు చెబితే నీ గొంతే చెవిలో ఉండిపోతుంది. దాని గొంతులోనే వింటాను. చెప్పావంటే కౌసు మీద ఒట్టే."

నబీస కట్ట మీంచి చెయ్యి తీసేసింది.

విందులో పాయసం ఆఖరికి ఉంచుకున్నట్టు ఆ ఎర్రదారం బీడీని ఆఖరికి అట్టే పెట్టుకున్నాడు కణారన్. తెల్లదారంవి ఒక్కొక్కటే తీశాడు. మొదటిదాంట్లో తిట్లు. మంత్రిగారి గొంతు అనుకరిస్తూ చదువుతోంది కౌసు. ఇంత చలాకీ మనిషితోనా తను కాపురం చేసింది! కణారన్ నవ్వబోతే దగ్గు తెర కమ్ముకుంది. మర్నాడు ఏడుపులు. నడిచి నడిచి దారిలోనే పోయిన ఓ కూలీ పిల్ల సంగతి దగ్గర కౌసు గొంతు ఆగిపోయింది. గ్లాసు చప్పుడైంది, నీళ్లు తాగింది, మళ్లీ మొదలుపెట్టింది. ఆమె ఏడుస్తుందని అతనికి ఇన్నేళ్లూ తెలియదు.

ఇంకోదాంట్లో ఆక్టోపస్ ముచ్చట.

"దానికి మూడు గుండెలటే! మా ఆయనకి ఒక్కటి పెట్టడానికే దేవుడు ఎంత ఆలోచించాడో," అంది కౌసు. సందంతా ఘొల్లుమంది. కణారన్ కూడా గోడకి ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఆమె ఫోన్ తెరిచి ఆ బ్లాగులు వెతికాడు. తిట్లు ఆగలేదు. ఏడుపులకి లోటే లేదు. వింతల బ్లాగు మాత్రం కౌసు చనిపోయిన వారం నుంచే ఆగిపోయి ఉంది. కింద ఎవరెవరో రాశారు: ఎక్కడున్నారండీ, క్షేమమేనా? జవాబు లేదు. ఫోన్ మూసేసి ఇంకో బీడీ ముట్టించాడు.

"ఎర్రదారంది తాగావా?" రోజూ అడిగేది నబీస.

"తొందరేముంది."

గోడ దాకా రావడానికి అతను రెండుచోట్ల కూచోవలసి వస్తోంది. పెదాలు నీలం తిరిగాయి. చూడలేక ఓ పొద్దున ఆమె అరిచేసింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పేస్తానన్నా! నావల్ల కాదు!"

"చెప్పు. రేపటినుంచి నీ గంజి ముడితే అడుగు," అన్నాడు కణారన్ పంతంగా. ఆ గంజి కూడా మానేస్తే మనిషి దక్కడని నబీస నోరు నొక్కుకుంది.

వానలు మొదలయ్యాయి. కట్టలో ఒక్కటే మిగిలింది. గుమ్మంలో, కౌసు పీట మీదే కూచుని కణారన్ ఎర్రదారం బీడీ ముట్టించాడు.

వింతలు చదువుతోంది కౌసు. చలికి గడ్డకట్టిపోయే కప్ప ఒకటి ఉందట. గుండె కూడా ఆగిపోతుందట. మంచు కరిగాక మళ్లీ కొట్టుకుంటుందట. అక్కడ దగ్గు. ఇంకా దగ్గు. ఇక చాలు కౌసక్కా అని ఎవరో అన్నారు.

"చాల్లే. ఆయన లోపల మూలుగుతున్నాడు, గంజి కాచాలి. ఒసే నబీసా, ఇవాళ్టి వాటా మా ఇంటికి పంపకే. నాకేమన్నా అయితే నా గొంతు కోసం అన్నీ ఊదేస్తాడు పిచ్చి సన్నాసి. అసలే ఊపిరి అందడం లేదు. పొయ్యిలో పడెయ్, సరేనా? ఆయన్ని ఓ కంట..."

నిప్పు దారం దాకా వచ్చి ఆరిపోయింది.

గోడ దగ్గర నబీస నిలబడి ఉంది. ఆమెకి అడగాల్సిన పని లేకపోయింది.

"అందుకే కదన్నా ముందు అది ముట్టించమన్నాను," అంటూ ఏడ్చింది. "నేను ఇవ్వకపోవలసింది. వాటా మాట ఎత్తేసరికి పౌరుషానికి పోయాను."

"నువ్వేం చేస్తావులే," అన్నాడు కణారన్, ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ. "అది నన్ను ఎరిగినట్టు... నేను దాన్ని ఎరగలేదు. గంజి ఉందా?"

ఆ రోజు నుంచి మళ్లీ బీడీ ముట్టలేదు. గంజి గిన్నె ఖాళీ చేసి, కడిగి మరీ ఇచ్చేవాడు. అయితే ఛాతీలో ఇంకేమీ మిగల్లేదు. ఆ వారం తిరక్కుండానే పోయాడు. చొక్కా జేబులో ఎర్రదారం చుట్టిన బీడీ ముక్క దొరికింది. నబీస దాన్ని తియ్యనివ్వలేదు.

కౌసు తర్వాత వంతులేసుకుని చదువుతున్నవాళ్లే అయినా, మర్నాడు సందులో ఎవరూ చదవలేదు. ఫోన్లు పక్కనే ఉన్నా ఎవరూ ముట్టుకోలేదు. వాన చప్పుడు కూడా లేదు. ఆడవాళ్లు తలలు వంచుకుని ఊరికే చుట్టారు. అన్నీ మాట లేని బీడీలు, కణారన్ అడిగి తీసుకునేలాంటివి. పని అయ్యాక నబీస అలవాటుగా గుప్పెడు బీడీలు వాటా కింద తీసింది. ఎవరికివ్వాలో తోచక కాసేపు పట్టుకు కూచుని, మళ్లీ చేటలోనే వేసేసింది.